ముందు నల్లా నీళ్లు, తర్వాతే ఆకు పసరు

సంపాదకుల వారికి,

కాలిన గాయాలకు పెరటి మొక్కల చిట్కాలంటూ మీ ఆదివారం పేజీలో వేసిన దాని గురించి రాస్తున్నాను. చదివి పది రోజులైనా కోపం తగ్గలేదు.

పోయిన ఎండాకాలం మా ఇంట్లో గంజి వంచుతుంటే నాలుగేళ్ల మనవడు అడ్డం వచ్చాడు. మోచేతి నుంచి వేళ్ల దాకా కాలింది. ఒకరు టూత్‌పేస్ట్ తెచ్చారు. ఇంకొకరు మేము చిన్నప్పుడు పలకలకు రుద్దుకున్న గడ్డి చేమంతాకు నూరి, ఆ ముద్దంతా చేతికి పట్టించారు. వాకిట్లో నల్లా వస్తూనే ఉంది. చెయ్యి దాని కింద పెట్టాలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. దవాఖానకు పోయేసరికి పసరు ఎండి చెక్కు కట్టింది. అది తీస్తే గానీ గాయం ఎంత లోతుందో తెలియదన్నారు. నర్సమ్మ సెలైన్‌తో తడిపి తడిపి తీస్తుంటే బొబ్బల తోలు కూడా ఆకుతో పాటు ఊడొచ్చింది. పిల్లోడి ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. అక్కడ కాదని హైదరాబాద్ పంపారు. వంద కిలోమీటర్ల పైచిలుకు ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని పోయాం. చిటికెన వేలు ఇంకా పూర్తిగా చాచలేడు.

మీ చిట్కాల్లో కలబంద ఉంది, పసుపు ఉంది, తేనె ఉంది. కాలిన వెంటనే 20 నిమిషాలు నల్లా నీళ్ల కింద పెట్టాలన్న ముక్క మాత్రం లేదు. ఐస్ పెట్టొద్దని లేదు. ముఖం, చేతులు, కీళ్లు కాలితే, చర్మం తెల్లబడి నొప్పి తెలియకపోతే ఇంటి మందు మానేసి దవాఖానకు ఉరకాలని లేదు. మన దేశంలో ఏటా 10 లక్షల మందికి పైగా గట్టిగానే కాలిన గాయాల పాలవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఇంత మంది చదివే పేజీలో సగం మాట రాస్తే ఎట్లా?

నేను ఆకు వైద్యాన్ని కాదనడం లేదు. చిన్నగా చురుక్కుమన్నప్పుడు, నీళ్లతో చల్లార్చాక కలబంద హాయిగానే ఉంటుంది. పసుపుతో గాయాలు మాన్పడం మీద అమెరికాలో 1995లో పేటెంట్ ఇస్తే, మన కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి కొట్లాడింది, 1997లో రద్దు చేయించింది. ఆ వార్త విని నేనూ సంబరపడ్డాను. కాలి చచ్చిన చర్మాన్ని తొలగించడానికి అనాస కాండం నుంచి తీసిన మందుకు 2022 చివర్లో అమెరికాలో అనుమతి వచ్చింది. శుద్ధి చేసి, రోగుల మీద పరీక్షించాకే వచ్చింది. అది కూడా డాక్టర్ల చేతిలో వాడేదే. మట్టి అంటిన ఆకును రోట్లో నూరి పచ్చి పుండు మీద పెట్టడం, అదీ ఒకటేనా?

ఇక్కడ ఆ పని చేసేవాళ్లేరి? నల్లమల మా పక్కనే ఉంది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండలో 2019లో మెడికల్ కాలేజీలు వచ్చాయి. చెంచు పెద్దలకు తెలిసిన పసర్లను పరీక్షించాల్సింది ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ? అధికారులు బడి ఆవరణలో ఔషధ వనమని బోర్డు పెట్టి ఫొటో దిగిపోతారు. ఎండాకాలం వచ్చేసరికి బోర్డొక్కటే మిగులుతుంది. బస్టాండు దగ్గర పేరు లేని సీసాల్లో కాలిన మచ్చల నూనె అమ్ముతుంటే అడిగే దిక్కు లేదు. ఫిర్యాదు చేస్తే మా శాఖ కాదంటారు.

వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో, 20 నిమిషాల నీళ్ల మాట వేయండి. పసర్ల సంగతి దాని కింద రాసుకోండి.

– ఒక అమ్మమ్మ,
దేవరకొండ, నల్గొండ జిల్లా