2024-25 వార్షిక నివేదిక: జకాత్, ఖర్జె హసనా (మహారాష్ట్రలోని సిరొంచా తాలూకా)

సభ్యులందరికీ అస్సలాము అలైకుం. సదఖా (స్వచ్ఛంద దానం) నిధికి విరాళమిచ్చిన హిందూ సోదరులకు నమస్కారం.

లెక్కల పత్రం ఆడిటర్ సంతకంతో జతచేశాం, అంకెలు అందులో చూసుకోండి. ఈ ఏడాది పంపిణీ పద్ధతి మార్చాం. ఎందుకు మార్చారని చాలామంది అడిగారు కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

ఇన్నేళ్లూ రంజాన్‌లో వసూలైన జకాత్‌ను, అంటే సొత్తున్నవాళ్లు ఏటా తప్పక ఇవ్వాల్సిన దానాన్ని, కవర్లలో పెట్టి ఇంటింటికీ పంచేవాళ్లం. కవరు చిన్నది, ఇళ్లు ఎక్కువ. పండగ సరుకులు వచ్చేవి, అంతే. మళ్లీ ఏడాదికి అదే ఇంటికి అదే కవరు. ఈసారి కార్యవర్గం గట్టిగానే వాదించుకుని, తక్కువ ఇళ్లకు ఎక్కువ మొత్తం ఇవ్వాలని, అందులోనూ అప్పుల్లో చిక్కుకున్నవాళ్లను ముందు చూడాలని తీర్మానించింది. ఇందులో మనం కనిపెట్టిందేమీ లేదు. ఖురాన్ తౌబా సూరా (అధ్యాయం) 60వ ఆయతు (వాక్యం) చెప్పిన ఎనిమిది రకాల హక్కుదారుల్లో పేదలతో పాటు అప్పులపాలైనవాళ్లూ ఉన్నారు.

మన దగ్గర అప్పు ఎట్లా పెరుగుతుందో అందరికీ తెలుసు. జూన్‌లో విత్తనాలు, ఎరువులు ఉద్దెరకు తెస్తాం, పత్తి ఏరేదాకా మిత్తి నడుస్తుంది. నెలకు వందకు మూడు రూపాయలంటే వినడానికి తక్కువే. ఏడాదికి లెక్కేస్తే 36 శాతం. 20,000 తెచ్చినవాడు ఏడాదిలో 7,200 కట్టినా అసలు అట్లాగే ఉంటుంది. ఎండాకాలం తునికాకు కూలి కూడా ఆ మిత్తికే పోతుంది. మహారాష్ట్రలో 2014 నుంచి ఉన్న వడ్డీ వ్యాపార చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఈ వ్యాపారం చేయడం నేరం. కానీ ఆ మాట షావుకారు ముఖం మీద అనే ధైర్యం బాకీ ఉన్నవాడికి ఎక్కడిది? అందుకే ఈసారి కొన్ని ఇళ్లకు పాత బాకీ మొత్తం తీరేంత జకాత్ ఒకేసారి ఇచ్చాం. తాకట్టులో ఉన్న ఒక కుట్టుమిషన్ ఇంటికి తిరిగొచ్చింది. ఎవరిదో రాయను. జకాత్ తీసుకున్నవాళ్ల పేర్లు చదవడం, ఫొటోలు దిగడం ఇకపై ఉండవు.

కవరు రాలేదని కొందరు వృద్ధులు నొచ్చుకున్నారు. వాళ్లకు ఫిత్రా (రంజాన్ పండగకు పేదలకిచ్చే దానం) అందింది, పండగ నమాజుకు ముందే చేర్చాం. సంపాదించే మనిషి లేని ఇళ్లకు నెలనెలా కొంత ఇవ్వడం మీద మాత్రం ఇంకా తేలాల్సి ఉంది.

ఖర్జె హసనా, అంటే మిత్తి లేని అప్పు, వేరే ఖాతాలో నడుస్తోంది. రెండూ ఎందుకు కలపకూడదని కొత్త సభ్యులు అడుగుతున్నారు. జకాత్ ఇచ్చిన క్షణం నుంచి అది తీసుకున్నవాడి సొత్తు, తిరిగి అడగకూడదు. హనఫీ సంప్రదాయపు ఉలమాలు (మత పండితులు) పట్టుబట్టేది దీని మీదే. అప్పు నిధి తిరిగి రావాలి, వచ్చిందే ఇంకొకరికి వెళ్లాలి. కాబట్టి అందులో సదఖా, సాధారణ విరాళాలే వేస్తున్నాం. ఈ అప్పుకు మతం అడ్డు కాదు, తాలూకాలో ఎవరైనా అడగవచ్చు. ఫారానికి, రిజిస్టరుకు అయిన ఖర్చు మాత్రమే తీసుకుంటున్నాం. అప్పు పెద్దదైనా చిన్నదైనా అదే రుసుము. శాతం చొప్పున తీసుకుంటే మిత్తిని దొడ్డిదారిన ఇంట్లోకి పిలిచినట్టే.

పత్రం, ఇద్దరు సాక్షులు తప్పనిసరి. దగ్గరివాళ్ల మధ్య పత్రమేమిటని మొహమాటపడవద్దు, అప్పును రాసుకోమని బఖరా సూరా 282వ ఆయతే చెబుతోంది. ఇబ్బందిలో ఉన్నవాడికి గడువివ్వమని అదే సూరా 280 అంటుంది. పంట పోయినవాళ్లకు గడువిచ్చాం. కొత్త ఫోన్ కొని కిస్తీ ఎగ్గొట్టినవాళ్లకు అది వర్తించదని కార్యవర్గం అభిప్రాయం, నాదీ అదే.

ఇంత ఎందుకు, మనమే ఒక ఇస్లామిక్ బ్యాంకు పెట్టుకుందామని యువకులు అంటున్నారు. మిత్తి లేని బ్యాంకింగ్‌కు దారి చూడమని 2008లో రఘురాం రాజన్ కమిటీ సూచించింది. ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లబోమని రిజర్వ్ బ్యాంకు 2017లో చెప్పేసింది. 1961లో దేవ్‌బంద్‌లో మొదలైన ముస్లిం ఫండ్ లాంటివి బ్యాంకులు కాకుండానే ఈ పని చేశాయి. మన స్థాయికి ఆ దారి చాలు. ఇక హలాల్ లాభమని నెలనెలా డబ్బు చూపించే కంపెనీల జోలికి పోవద్దు. 2019లో బెంగళూరులో అట్లాంటిది ఒకటి మునిగి వేలమంది సొమ్ము పోయింది. చెన్నూరు, మంచిర్యాల నుంచి ఏజెంట్లు వస్తే ముందు కమిటీకి చెప్పండి.

తమకు జకాత్ వర్తించదనుకునేవాళ్లు ఒకసారి లెక్క చూసుకోండి. నిసాబు, అంటే జకాత్ వర్తించే కనీస సొత్తు, బంగారమైతే 87.48 గ్రాములు, వెండి అయితే 612.36 గ్రాములు. చాంద్రమాన సంవత్సరం పాటు అంతకు తగ్గని సొత్తుంటే రెండున్నర శాతం, అంటే లక్షకు 2,500.

ఉష్ర్, అంటే పంట మీద ఇచ్చే జకాత్, ఈ ఏడాది దాదాపు రాలేదు. వాన మీదే పండితే పదో వంతు, మోటారు పెట్టి తడిపితే ఇరవయ్యో వంతు. ఎరువుల ఖర్చు తీసేయాలా వద్దా అన్నదాని మీద ఇమాములందరిదీ ఒకే మాట కాదు, అందుకే రైతులు ఆగిపోయారు. సర్వసభ్య సమావేశానికి మౌలానా గారిని పిలుస్తున్నాం, అక్కడే అడిగి తేల్చుకుందాం. డబ్బే కట్టనక్కర్లేదు. కబురు పెడితే కల్లం దగ్గరికే వచ్చి వడ్లు కొలుచుకుంటాం, బస్తాలు మాత్రం రైతే ఇవ్వాలి.

కార్యదర్శి