ఒక్క ముల్లుతో వైరస్ నిలబడదు

సంపాదకులకు నమస్కారం.

వైరస్ కొత్త వేరియంట్ (మార్పు చెందిన రకం) గురించి మీరు వేసిన వార్త చదివాను. పక్కన ముళ్ల బంతి బొమ్మ, దాని కింద ఒకటే వివరణ: ముల్లు తాళంచెవిలా పనిచేసి కణాన్ని తెరుస్తుందని. డిగ్రీ పిల్లలకు మైక్రోబయాలజీ చెప్తాను. సగం కథే చెప్పే ఈ వాక్యం జవాబు పత్రాల్లో అచ్చం ఇలాగే కనిపిస్తుంటుంది, అందుకే రాస్తున్నాను.

ఫ్లూ వైరస్ సంగతే చూడండి. దాని ఒంటి మీద హీమాగ్లుటినిన్ అనే ప్రొటీన్ ముళ్లు కొన్ని వందలుంటాయి. మన కణాల మీద ఉండే సియాలిక్ ఆమ్లం అనే చక్కెర లాంటి పదార్థాన్ని అవి పట్టుకుంటాయి. కానీ ఒక్కో ముల్లు పట్టు చాలా బలహీనం, ఇలా పట్టుకుని అలా జారిపోతుంది. ఎన్నో ముళ్లు ఒకేసారి పట్టుకుంటేనే వైరస్ కణం మీద నిలుస్తుంది.

దీన్ని కళ్లతో చూడొచ్చు. నిర్వీర్యం చేసిన ఫ్లూ వైరస్‌ను గుంటల ప్లేటులో కోడి ఎర్ర రక్తకణాలతో కలుపుతాం. వైరస్ లేని గుంటలో కణాలు అడుక్కి దిగి చిన్న ఎర్ర చుక్కగా చేరతాయి. ప్లేటు వంచితే ఆ చుక్క సన్నని చారగా కిందికి జారుతుంది. వైరస్ సరిపడా ఉన్న గుంటలో కణాలు వైరస్ ముళ్ల పట్టుతో ఒకదానికొకటి అతుక్కుని పలచని పొరగా పరుచుకుంటాయి, వంచినా కదలవు. 1941లో అమెరికా శాస్త్రవేత్త జార్జ్ హర్స్ట్ గమనించింది ఈ అతుకునే. వెచ్చగా ఉంచితే కాసేపటికి వైరస్ ఆ కణాలను వదిలేస్తుందని కూడా ఆయనే చూపించారు. వైరస్ మీదే ఉన్న న్యూరమినిడేజ్ అనే ఎంజైమ్ సియాలిక్ ఆమ్లాన్ని కోసేయడం దానికి కారణం. కణంలోంచి బయటికొచ్చిన కొత్త వైరస్‌లు అక్కడే అతుక్కుపోకుండా ముందుకు సాగాలంటే ఆ కోత కావాలి. ఫ్లూకి ఇచ్చే ఒసెల్టామివిర్ మందు అడ్డుకునేది దాన్నే. మీ వార్తల్లో ఈ వదిలించుకోవడం గురించి ఒక్క ముక్కా ఉండదు.

ముల్లు ఆకారంలో చిన్న మార్పు చాలు, కథ మారిపోవడానికి. పక్షుల ఫ్లూ సియాలిక్ ఆమ్లపు ఒక రకం బంధాన్ని ఇష్టపడుతుంది, మనిషి ఫ్లూ మన ముక్కు, గొంతు కణాల మీద ఎక్కువగా ఉండే ఇంకో రకాన్ని. 1957, 1968 మహమ్మారి వైరస్‌లలో హీమాగ్లుటినిన్ 226, 228 స్థానాల్లోని అమైనో ఆమ్లాలు మారడంతో ఆ ఇష్టం మనిషి వైపు తిరిగింది.

పైగా వైరస్‌లన్నీ ముళ్ల బంతులు కావు. జలుబు తెచ్చే రైనోవైరస్‌కు ముళ్లే లేవు, దాని పైపొరలో లోతైన గాడి ఉంటుంది. 1985లో మైఖేల్ రాస్‌మన్ బృందం దాని నిర్మాణాన్ని బయటపెట్టింది. ఐక్యామ్-1 అనే మన కణపు ప్రొటీన్ కొస సరిగ్గా ఆ గాడిలోకి దిగుతుంది. ఇక హెచ్‌ఐవీకి ముళ్లున్నా చాలా తక్కువ. అది మన రోగనిరోధక కణాల మీది సీడీ4 అనే ప్రొటీన్‌ను పట్టుకున్నాక కూడా సీసీఆర్5 లాంటి రెండో గ్రాహకం (వైరస్ పట్టుకునే కణపు ప్రొటీన్) దొరక్కపోతే లోపలికి పోలేదు.

అంటుకోవడం వేరు, లోపలికి పోవడం వేరు. జనానికి టెన్షన్ పెట్టేది ఈ రెండింటినీ కలిపేసే హెడ్డింగులే. ఇకపై వేరియంట్ వార్త వేసేటప్పుడు మార్పు ముల్లులో ఎక్కడ వచ్చింది, దానివల్ల పట్టు పెరిగిందా లేక యాంటీబాడీల నుంచి తప్పించుకుంటోందా, ఆ సంగతి ల్యాబ్‌లో తేలిందా, రోగుల్లో చూశారా అన్నవి కూడా రాయండి. రెండు పేరాలు చాలు, పాఠకులు అర్థం చేసుకుంటారు.

— మైక్రోబయాలజీ అధ్యాపకురాలు