కాలిఫోర్నియా గవర్నర్ గారికి: దాన్ని వెట్టి అంటారు

గవర్నర్ గారూ,

మీ రాష్ట్రంలో చదువుకుంటూ, జైళ్లే అక్కరలేని సమాజం కోసం పనిచేసే విద్యార్థి బృందంలో ఉన్న తెలుగువాణ్ణి. ఈ లేఖ మీకే. తెలుగులో రాయడం మాత్రం ఇక్కడ ఓటున్న మావాళ్లు కూడా చదవాలని.

1865 నాటి అమెరికా 13వ రాజ్యాంగ సవరణ బానిసత్వాన్ని రద్దు చేస్తూనే, నేరానికి శిక్షగా మాత్రం ఉండనిచ్చింది. మీ రాష్ట్ర రాజ్యాంగంలోనూ ఖైదీలతో బలవంతంగా పని చేయించే ఆ సందు ఉంది. దాన్ని పూడ్చడానికి 2024 నవంబరులో ప్రతిపాదన 6 ప్రజల ఓటుకు వచ్చింది. ఓటర్ల కరదీపికలో దానికి వ్యతిరేకంగా ఒక్క వాదనా లేదు, అయినా ఓడిపోయింది! అదే రోజు పక్కనున్న నెవాడాలో అలాంటిదే గెలిచింది. అక్కడి బ్యాలెట్‌పై ‘బానిసత్వం’ అనే మాట ఉంది. ఇక్కడ ‘ఇష్టం లేని సేవ’ లాంటి మెత్తని చట్టభాష. తెలంగాణ పల్లెల్లో మా తాతలకు ఇంత నాజూకు మాటలు తెలియవు. దొర గడీలో కూలి లేకుండా చేసిన పనిని వెట్టి అన్నారు, అంతే.

రెండు నెలలకే లాస్ ఏంజెలెస్ తగలబడింది. మంటలార్పిన వారిలో వందలాది ఖైదీలున్నారు. అప్పట్లో వారి రోజుకూలి సుమారు 6 నుంచి 10 డాలర్లు, అత్యవసర వేళ గంటకు మరో డాలరు. మా క్యాంటీన్‌లో ఒక పూట భోజనం ఆ మామూలు రోజుకూలి కన్నా ఎక్కువ. రాష్ట్ర జనాభాలో నల్లజాతివారు ఆరు శాతమే, జైళ్లలో నాలుగో వంతుకు పైగా. ఇది యాదృచ్ఛికమని నన్ను నమ్మమనకండి.

శాసనసభ ఆ సవరణను మళ్లీ ప్రజల ముందుకు తెచ్చేలా మీరు గొంతు విప్పాలి. ఈసారి బ్యాలెట్‌పై అసలు మాటే రాయించండి.

ఇట్లు,
ఒక తెలుగు విద్యార్థి