పదిహేడు అక్షరాల ఇంటిపేరు

చిట్టితల్లికి,

ఇక్కడ అందరం క్షేమం. మూడు వారాలుగా నీ ఫోన్ లేదని బెంగేమీ పెట్టుకోలేదులే, పనుల్లో ఉంటావు. ఇంగ్లండ్‌లో, మీ న్యూకాజిల్‌లో చలి తగ్గిందా? తలస్నానం చేసి తడి జుట్టుతో బయటికి వెళ్లకు.

నాన్నకి నువ్వు పంపిన విటమిన్ మాత్రల పార్శిల్ అందింది. పంపినవాళ్ల పేరు మాత్రం నీది కాదు. రాజమండ్రి పిన్ని కళ్లజోడు సర్దుకుని మరీ చూసి, "ఎవరే ఈయన?" అంది. ఇంగ్లిష్‌లో పదిహేడు అక్షరాలు! నాన్న ఫెదర్‌స్టోన్‌హాగ్ అని చదివారు. బుజ్జి ఫోన్‌లో వెతికి, ఫాన్‌షా అనాలంది. రాసేదొకటీ పలికేదొకటీనా?

ఊరికే తోచక బుజ్జి చేత ఇంకాస్త చదివించాను. మీకు పడమర, నార్తంబర్లాండ్‌లో ఫెదర్‌స్టోన్ అనే చోటి నుంచి వచ్చిన పేరట. ఫెదర్ అంటే ఈకే అయినా, ఈకకీ దానికీ సంబంధం లేదు. పాత ఇంగ్లిష్‌లో నాలుగు రాళ్లని అర్థమట, మూడు నిలువు రాళ్లూ పైన ఒక పలకా. చివరి ముక్కకి ఏటి ఒడ్డు పల్లపు నేల అని అర్థం. తాతయ్య లంక పొలం గుర్తొచ్చింది. ఊరిపేరే ఇంటిపేరు, మనకిలాగే.

అసలు కథ సర్ హ్యారీది. అదే ఇంటిపేరు, రెండక్షరాలు తక్కువ. ససెక్స్‌లో అప్‌పార్క్ అనే పెద్ద బంగళా ఆయనది. 1825లో, డెబ్బయ్యేళ్లప్పుడు, పాలగదిలో పనిచేసే మేరీ ఆన్ అనే పడుచుపిల్లని పెళ్లాడాడు! పిన్ని బుగ్గలు నొక్కుకుంది. 1846లో ఆయన పోతే ఆస్తంతా ఆవిడకే. 1874లో ఆవిడా పోతే చెల్లెలు ఫ్రాన్సెస్‌కి. ఆ చెల్లెలేమో, మనవాళ్లు దత్తత వెళ్లినట్టు, బావగారి ఇంటిపేరే పెట్టేసుకుంది. ఆమె దగ్గర హౌస్‌కీపర్‌గా చేసినావిడ కొడుకే రచయిత హెచ్.జి. వెల్స్. చూశావా, నెత్తురు పంచుకోని మనిషి చేతిలో ఆ పేరు ఇంకో ఇరవయ్యేళ్లు నిలిచింది!

పెళ్లయితే అక్కడ ఆడపిల్ల ఇంటిపేరు మార్చుకోవాలని చట్టమేమీ లేదట, అలవాటేనట. నీకెందుకు చెబుతున్నానంటే... ఏమీ లేదు. పాస్‌పోర్టులో ఒకటి, డిగ్రీలో ఒకటి ఉంటే ఎంత తిప్పుతారో పెద్దత్తయ్యని అడుగు. ఏదైనా తొందరపడి సంతకం పెట్టకూడదు. పెద్దవాళ్లకి ముందు ఒక మాట... సరే, లెక్చర్ అంటావు.

పిన్నితో "ఆఫీసులో ఎవరో అయ్యుంటార్లే, పోస్టు చేసి పెట్టుంటాడు" అన్నాను. అంతేనా?

ఆవకాయ రెండు సీసాలు కట్టాను, కారం తక్కువది ఒకటి. అది నీకు కాదు. పార్శిల్ మీద ఎవరి పేరు రాయాలో ఆదివారంలోగా ఫోన్ చేసి చెప్పు. పదిహేడు అక్షరాలూ చూడకుండా రాయడం వచ్చేసింది.

అమ్మ