కీళ్లు పాడయ్యాక కాదు, ముందే ఆదుకోండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

మీ కార్యాలయానికి మూడు అర్జీలు పెట్టాను. రసీదులున్నాయి, జవాబు లేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

మా అమ్మకు రుమటాయిడ్ ఆర్థరైటిస్. వయసు మీద పడి వచ్చే మోకాళ్ల నొప్పి కాదిది. ఒంట్లోని రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే జబ్బు. పొద్దున లేచాక గంటసేపు వేళ్లు ముడుచుకోవు. చీర కుచ్చిళ్లు నేనే పెడతాను. మెథోట్రెక్సేట్ మాత్రలతో తగ్గకపోయేసరికి డాక్టర్ అడాలిముమాబ్ రాశారు. రెండు వారాలకోసారి 40 మిల్లీగ్రాముల ఇంజెక్షన్. మూడో నెలకి అమ్మ తన జడ తానే వేసుకుంది. తర్వాత డబ్బు చాలక రెండు వారాలు కాస్తా నెల అయింది, నెల రెండు నెలలయింది. వేళ్లు మళ్లీ వాచాయి.

ప్రభుత్వ ఆరోగ్య పథకం కౌంటర్‌లో అడిగితే అడ్మిట్ అయితేనే వర్తిస్తుందన్నారు. కీలు మార్చే ఆపరేషన్ ఉందట, కీలు పాడవకుండా చూసే ఇంజెక్షన్ లేదట! ఈ లెక్కేమిటో నాకు అర్థం కాలేదు.

అడాలిముమాబ్‌కు బయోసిమిలర్, అంటే అసలు మందులాగే పనిచేసేలా వేరే కంపెనీ తయారుచేసే మందు, 2014లోనే మన దేశంలో మార్కెట్‌లోకి వచ్చింది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అడాలిముమాబ్‌ను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

నా విన్నపం ఒక్కటే. మాత్రలకు లొంగని రోగులకు బయోసిమిలర్ ఇంజెక్షన్లను ఔట్ పేషెంట్‌గానే పథకంలో చేర్చండి. ముందు చేయాల్సిన టీబీ పరీక్షతో సహా జిల్లా ఆసుపత్రిలోనే ఇప్పించండి. నెల రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వగలరని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రోగి కూతురు