క్యాన్సర్ మాత్రలతో పాటు తెలుగులో ఒక కాగితం ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

కీమో అంటే సెలైన్‌లో ఎక్కించేదేనని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. కానీ కొన్ని రకాల క్యాన్సర్లకు ఇప్పుడు మాత్రలే రాస్తున్నారు. గుంటూరు కొత్తపేటలోనో విజయవాడ సూర్యారావుపేటలోనో డాక్టరుకి చూపించుకుని, కింద మెడికల్ షాపులో మాత్రలు తీసుకుని సాయంత్రం బస్సుకి ఊరెళ్ళిపోవచ్చు. సూది పోటు ఉండదు, బెడ్డు ఖర్చు ఉండదు. మంచిదే. అయితే ఆస్పత్రిలో కీమో ఎక్కించే ముందు నర్సు గ్లౌజులు తొడుక్కుంటుంది, డోసు సరిచూస్తుంది, తర్వాత పక్కనే ఉండి గమనిస్తుంది. మాత్రలైతే ఆ బాధ్యతంతా పేషెంటు మీదా, ఇంట్లో వాళ్ళ మీదా పడుతుంది. వాళ్ళకు ఎవరూ ఏమీ చెప్పకుండానే పడుతోంది. నా బాధ అదే.

మా అక్కకు పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక కాపెసిటబిన్ మాత్రలు రాశారు. షాపులో అబ్బాయి స్ట్రిప్పులు లెక్కపెట్టి, చివరిదాన్ని కత్తెరతో కత్తిరించి, కవర్లో వేసి, పైన బాల్‌పెన్నుతో ‘3–0–3’ అని రాసి ఇచ్చాడు. ఎన్నాళ్ళు వేసుకోవాలో, ఎప్పుడు ఆపాలో కవరు మీద లేదు. కత్తిరించిన ముక్క మీద ఎక్స్‌పైరీ తేదీ లేదు. డాక్టరు చీటీలో అన్నీ ఉన్నాయి, ఇంగ్లీషులో. ఈ మాత్రలు సాధారణంగా రెండు వారాలు వేసుకుని ఒక వారం ఆపాలి. ఆ వారంలోనే ఒళ్ళు తేరుకుంటుంది. బీపీ, షుగరు మాత్రలు ఒక్కరోజు కూడా మానకూడదని ఏళ్ళ తరబడి విన్నవాళ్ళు, కవరు చూసి మూడో వారం కూడా వేసుకుంటే ఆశ్చర్యమేముంది?

తిండి సంగతీ అంతే. కాపెసిటబిన్ భోజనం చేసిన అరగంటలోపు వేసుకోవాలి. రక్త క్యాన్సర్‌కిచ్చే ఇమాటినిబ్ భోజనంతో పాటు, పెద్ద గ్లాసు నీళ్ళతో వేసుకోవాలి. ప్రోస్టేట్ క్యాన్సర్‌కిచ్చే అబిరటెరోన్ మామూలుగా పరగడుపునే వేసుకోవాలి, అన్నంతో కలిస్తే ఒంట్లో మందు మోతాదు చాలా రెట్లు పెరిగిపోతుంది. ‘తిన్నాక వేసుకోండి’ అని అన్నింటికీ ఒకే మాట చెప్పి పంపిస్తే కుదరదు. రోజుల లెక్క తప్పినా ప్రమాదమే. క్యాన్సర్‌కీ వాడే మెథోట్రెక్సేట్‌ను కీళ్ళవాతానికైతే వారానికి ఒక్కసారే వేసుకోవాలి, దాన్ని పొరపాటున రోజూ వేసుకుని చనిపోయినవాళ్ళు ఉన్నారు. అలాంటి సంఘటనలు చాలా దేశాల్లో నమోదయ్యాయి.

మన గుంటూరులో ప్రత్యేకంగా చెప్పాల్సింది ఇంకొకటుంది. కాపెసిటబిన్ వాడేవాళ్ళలో చాలామందికి అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి మండుతాయి. మా వెనక వీధిలో ఒకావిడ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. రొమ్ము క్యాన్సర్‌కి అవే మాత్రలు వాడుతూనే పనికి వెళ్ళింది, వెళ్ళకపోతే ఇల్లు గడవదు. చేతులు మండుతుంటే కారం మంటే అనుకుంది. రాత్రి కొబ్బరినూనె రాసుకుని మర్నాడు మళ్ళీ కాయల ముందు కూర్చుంది. డాక్టరుకి చూపించేసరికి వేళ్ళ కణుపుల దగ్గర తోలు చిట్లి, అన్నం కలుపుకోలేని స్థితి. ఇందులో ఆవిడ తప్పేమీ లేదు. చేతులు మండడం ఆవిడకు చిన్నప్పటి నుంచీ ఉన్నదే. మొదట్లోనే తెలిస్తే డాక్టరు కొన్నాళ్ళు మాత్రలు ఆపించి, అవసరమైతే డోసు తగ్గించి మళ్ళీ మొదలుపెట్టేవారు. ‘చేతులు మండితే ఫోన్ చెయ్యమ్మా’ అని ఒక్క మాట ముందే చెప్పి ఉంటే సరిపోయేది.

జ్వరం విషయంలో ఇంకా జాగ్రత్త పడాలి. ఈ మందుల్లో చాలావాటితో, రోగాన్ని ఎదుర్కొనే తెల్ల రక్తకణాలు తగ్గుతాయి. 100.4 డిగ్రీలు దాటిందంటే అర్ధరాత్రయినా ఆస్పత్రికి చెప్పాలి. పల్లెల్లో మాత్రం ముందు జ్వరం బిళ్ళ, తర్వాత ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్, అలా రెండు రోజులు గడిచిపోతాయి. విరేచనాలు మామూలు కంటే నాలుగైదు సార్లు ఎక్కువైనా ఫోన్ చేసి అడగాలి. గుండె జబ్బుకి రక్తం పలచబడే వార్ఫరిన్ వాడుతుంటే ఆ సంగతి ముందే డాక్టరుకి చెప్పాలి. కాపెసిటబిన్‌తో కలిస్తే రక్తస్రావం అయ్యే ప్రమాదముంది. ఒక పూట మర్చిపోయినా, మింగాక వాంతయినా మళ్ళీ వేసుకోకుండా తర్వాతి డోసు దాకా ఆగి, డాక్టరుకి చెప్పాలి.

ఇంట్లో వాళ్ళ సంగతి ఎవరూ తలవరు. మింగలేకపోతున్నారని మాత్రను కల్వంలో నూరి తేనెలో కలిపిస్తుంటారు. ప్రేమతోనే చేస్తారు, కానీ ఆ పొడి నూరినవాళ్ళ చేతికీ ఊపిరికీ తగులుతుంది. కీమో మాత్రలు విరగ్గొట్టకూడదు, నూరకూడదు, క్యాప్సూల్ విప్పకూడదు. మింగడం కష్టమైతే ఆ మాటే డాక్టరుకి చెప్పాలి. కడుపుతో ఉన్న కోడలో కూతురో వాటిని అసలు ముట్టుకోకూడదు. అందించేవాళ్ళు గ్లౌజులు వేసుకోవాలి. ఇంట్లో అందరి మాత్రలూ ఉన్న డబ్బాలో వీటిని కలపకూడదు. మన ఎండలకు పొయ్యి పక్క అలమరా కూడా పనికిరాదు.

మిగిలిన మాత్రల మాట. ఖరీదైనవి కదా అని తెలిసినవాళ్ళకు ఇచ్చేస్తుంటారు. కాపెసిటబిన్ లాంటి వాటి డోసు మనిషి ఎత్తు, బరువు చూసి లెక్కకట్టేది, ఒకరిది ఇంకొకరికి సరిపోదు. ఇవ్వడానికి మనసొప్పనివాళ్ళు చెత్తబుట్టలోనో, కాలవలోనో పడేస్తారు. విజయవాడలో బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ ఎన్ని ఊళ్ళకు నీళ్ళిస్తున్నాయో చెప్పక్కర్లేదు. ఆస్పత్రి అయితే ఇలాంటి మందులను 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం పసుపు సంచీలో వేసి, కాల్చడానికి పంపాలి. ఇంట్లో మిగిలినవి ఎక్కడ ఇవ్వాలో మాత్రం మనకెవరూ చెప్పరు.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఫార్మసిస్టు పేషెంటుకి మందు గురించి వివరించి చెప్పాలని 2015 ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్‌లోనే ఉంది. దాన్ని అమలు చేయించే పని ఔషధ నియంత్రణ శాఖది. కీమో మాత్రలమ్మే ప్రతి షాపూ, ఇచ్చే ప్రతి ఆస్పత్రీ తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఒక కాగితం ఇవ్వాలి. వేసుకునే రోజులూ ఆపే రోజులూ గడులు గీసి చూపించాలి. తిండికి ముందో తర్వాతో రాయాలి. ఏ లక్షణాలొస్తే ఆగకూడదో రాయాలి. రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబరు ఉండాలి. చదవలేనివాళ్ళకు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాలి, చెప్పింది వాళ్ళ నోటితో తిరిగి చెప్పించుకోవాలి. స్ట్రిప్పు కత్తిరించి ఇవ్వడం మానాలి. గుంటూరు ప్రభుత్వాస్పత్రి (జీజీహెచ్)లోని నాట్కో క్యాన్సర్ సెంటర్, మంగళగిరి ఎయిమ్స్ కలిసి ఆ కాగితం తయారు చేయిస్తే ప్రైవేటు ఆస్పత్రులూ వాడుకోవచ్చు. ఎవరైనా ఇప్పటికే ఇస్తుంటే దాన్నే అందరికీ పంచవచ్చు. ఊళ్ళలో ఆశా కార్యకర్తలకు, ఏఎన్‌ఎంలకు ఒక కాపీ చేరాలి. రెండు నగరాల కార్పొరేషన్లు, మిగిలిన మందులు వెనక్కి తీసుకునే పెట్టెలను పెద్ద ఆస్పత్రుల్లో మందులిచ్చే కౌంటర్ల పక్కనే పెట్టించాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయురాలు,
బ్రాడీపేట, గుంటూరు