పార్లర్లలో సెలైన్ ఎక్కించడం ఆపించాలి

తెల్లబడతారంటూ బ్యూటీ పార్లర్లలో గ్లూటాథయోన్, విటమిన్-సి మందులను సెలైన్‌లో కలిపి నరానికి ఎక్కించే వ్యాపారం పెళ్లిళ్ల సీజన్‌లో మరీ మితిమీరుతోంది. మా అక్క కూతురికి తోడుగా హైదరాబాద్‌లో అలాంటి ఒక చోటికి వెళ్లాను. తలస్నానం చేయించే కుర్చీలోనే ఒక అమ్మాయి చేతికి సూది గుచ్చి, సెలైన్ సీసాను కర్టెన్ రాడ్‌కు తగిలించారు. డాక్టర్ ఎవరని అడిగితే ఫోన్‌లో అందుబాటులో ఉంటారన్నారు. కిడ్నీ జబ్బు ఉందా, ఏ మందైనా పడదా అని ఒక్క మాట అడగలేదు. అడ్వాన్స్ మాత్రం ముందే కట్టమన్నారు. గ్లూటాథయోన్, విటమిన్-సి లాంటి యాంటీఆక్సిడెంట్లకు (కణాలు దెబ్బతినకుండా కాపాడే పదార్థాలకు) వైద్యంలో నిజమైన చోటు ఉంది. పారాసిటమాల్ అతిగా మింగినవారి కాలేయాన్ని ఆస్పత్రుల్లో ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే యాంటీఆక్సిడెంట్ మందు ఎక్కించే కాపాడుతున్నారు. రంగు కోసం ఎక్కించే గ్లూటాథయోన్ సంగతి వేరు. కాలేయం, కిడ్నీలు, నాడీ వ్యవస్థ దెబ్బతినవచ్చని, చర్మం బొబ్బలెక్కి ఊడిపోయే ప్రాణాంతకమైన స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ రావచ్చని ఫిలిప్పీన్స్ ఔషధ నియంత్రణ సంస్థ 2019లో కూడా హెచ్చరించింది. ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ ఎంజైమ్ లోపం ఉన్నవారికి విటమిన్-సి ఎక్కువ మోతాదులో ఎక్కిస్తే ఆ కణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది. ఆ పరీక్ష పార్లర్‌లో ఎవరు చేస్తారు? జిల్లా వైద్యాధికారులు, డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు కలిసి తనిఖీలు చేసి పార్లర్లలో సెలైన్ పెట్టడాన్ని పూర్తిగా ఆపించాలి. క్లినిక్‌లలోనైతే డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు గోడ మీద, ఎక్కించిన మందు పేరు, మోతాదు, బ్యాచ్ నంబరు బిల్లు మీద ఉండేలా తక్షణం ఆదేశాలివ్వాలి.

– ఒక పాఠకురాలు, హైదరాబాద్